నూట పన్నెండో పేజీ, ఏడో లెక్క

ప్రెస్సులో అందరూ ఆవిడని కామా అనేవారు. పెద్దవాళ్ళు ఉత్త కామా అని, చిన్నవాళ్ళు కామక్కా అని. ఆ పేరు ఆవిడకి పందొమ్మిదో ఏట, ఉద్యోగంలో చేరిన మూడో వారంలో వచ్చింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చే రోజులవి. ఒక కరపత్రం మెషీనెక్కి నాలుగు వందల కాగితాలు అచ్చయ్యాక, కొత్తగా వచ్చిన ఈ అమ్మాయి గబగబా వెళ్ళి మెషీను ఆపేసింది. ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? చెయ్యి పడిందా?"

"లేదండీ. మూడో లైన్లో కామా పోయింది."

ఓనరు ఆవిడ చేతులకేసి చూసి, వేళ్ళు పదీ ఉన్నాయని తేల్చుకున్నాక తిట్టడం మొదలుపెట్టాడు. తిట్టడం పూర్తయ్యాక కామా పెట్టించాడు. అప్పటికే అచ్చయిన నాలుగు వందల కాగితాలూ ఏడాదిపాటు ప్రెస్సులో పొట్లాలు కట్టుకోడానికి పనికొచ్చాయి.

తర్వాత సీసం పోయింది, కంప్యూటర్లు వచ్చాయి. పేర్చేవాళ్ళలో సగంమంది మానేసి వేరే పనులు చూసుకున్నారు. కామా మానలేదు. కీబోర్డు ముందు కూర్చుని, రెండు నెలల్లో పాత వేగం అందుకుంది. లెక్కల పుస్తకాలు ఏవొచ్చినా ఆవిడకే ఇచ్చేవారు. వేరే ఎవరికి ఇచ్చినా మూడో పేజీకల్లా తలనొప్పి అని సెలవు పెట్టేవారు.

నిజానికి ప్రెస్సులో లెక్కలు అందరికన్నా తక్కువ వచ్చింది కామాకే. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ లెక్కల్లోనే పోయింది. అంతకుముందు ఏడో తరగతిలోనే ఆవిడకీ లెక్కలకీ చెడింది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని మాస్టారు చెప్పారు. ఎందుకండీ అనడిగింది. రూలు అన్నారు. ఆ రూలు ఎవరు పెట్టారండీ అంది. మిగతా పాఠమంతా బెంచీ మీద నిలబడి వినాల్సి వచ్చింది. అంత ఎత్తు నుంచి చూసినా ఆ విషయం మెరుగ్గా కనపడలేదు. ఇంటికెళ్ళి నాన్ననడిగితే, "ఇద్దరు దొంగలు కలిస్తే దొరలవుతారా? మీ మాస్టారి మాట పట్టించుకోకు," అన్నాడు. ఆవిడ తండ్రి మాట విన్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

అందుకని లెక్కల పుస్తకాల్ని ఆవిడ ఎప్పుడూ చదవలేదు. చూసి కొట్టేది. గీతకి గీత, బ్రాకెట్‌కి బ్రాకెట్, పైన ఉన్న అంకె పైన, కింద ఉన్నది కింద. స్వెట్టరు అల్లేవాళ్ళు కుట్లు చూసుకున్నట్టే. ఆవిడ ప్రూఫుల్లో తప్పులుండవని నాలుగు వీధుల ప్రెస్సులకీ తెలుసు. దీనికి ఓనరు ఒక సిద్ధాంతం చెప్పేవాడు: "అర్థం తెలిసినవాడు ఉండాల్సింది చదువుతాడు. మా కామా ఉన్నది చదువుతుంది."

ఆ మాట విన్నప్పుడల్లా కామా కీబోర్డు చప్పుడు కొంచెం గట్టిగా వినపడేది.

ఆ ప్రెస్సుకి ఇరవై రెండేళ్ళుగా తప్పకుండా వచ్చే పుస్తకం ఒక లెక్చరర్‌గారి లెక్కల గైడు. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. మనిషి పొట్టి, డిగ్రీలు పొడుగు. కవరు మీద ఆయన పేరు ఒక లైనులో పట్టేది, డిగ్రీలకి రెండు లైన్లు కావాల్సి వచ్చేది. ఏటా ఒక కొత్త ముద్రణ, రెండు వేల కాపీలు, పైన "సవరించిన ప్రతి" అని. ఏం సవరించారో కామాకి తెలుసు. సంవత్సరం.

ఆవిడకి నలభై తొమ్మిదో ఏడు నడుస్తుండగా, ఒక ఉదయం ఓనరు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. ఎక్కడో బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ రాసింది.

"అయ్యా, మీ గైడు నూట పన్నెండో పేజీలో, సంకీర్ణ సంఖ్యల గుణకారం కింద, ఏడో లెక్క జవాబు తప్పు. నేను చెబితే పిల్లలు నమ్మడం లేదు. అచ్చులో ఉంది కదా టీచర్ అంటున్నారు."

ఆ లెక్క ఇది: (3 + 2i)(1 + 4i) విలువ ఎంత? గైడు ఇచ్చిన జవాబు: 11 + 14i.

ఓనరు లెక్చరర్‌కి ఫోను చేశాడు. ఆయన క్లాసుకి వెళ్ళే తొందరలో ఉన్నాడు. "టైపింగ్ మిస్టేకండీ. మీ దగ్గర టైపు చేసే ఆవిడెవరో మైనస్ మింగేసుంటుంది. పదకొండుకి ముందు మైనస్ పెట్టించండి," అని పెట్టేశాడు.

రెండు వేల కాపీల్లో పన్నెండు వందలు ఇంకా గోడౌన్లోనే ఉన్నాయి. వాటిలో అతికించడానికి ఒక చీటీ అచ్చు వెయ్యాలి. ఆ చీటీ కామాయే టైపు చేసింది: "112వ పేజీ, 7వ లెక్క జవాబును −11 + 14i గా చదువుకోగలరు. టైపు చేయడంలో దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నాము." ఒకసారి చదివి చూసుకుంది. కామాలూ చుక్కలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రెస్సులో అందరికన్నా పాతవాడు బైండరు తాత, పన్నెండు వందల చీటీలూ నాలుగు రోజులపాటు బంక రాసి అతికించాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, "నీ చేత్తో తప్పు పోయిందంటే నమ్మలేకుండా ఉన్నానమ్మా," అన్నాడు. అతికించడం మాత్రం ఆపలేదు. టీచరమ్మకి కూడా ఒక చీటీ పోస్టులో పంపారు.

మూడు వారాలకి టీచరమ్మ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. "మీ చీటీ అందింది. ఇంతకుముందు జవాబు తప్పు. ఇప్పుడు ఇంకో తప్పు. దయచేసి ఇక సాయం చేయవద్దు."

ఆ రోజు మధ్యాహ్నం కామా అన్నం తినకుండా అటక ఎక్కింది. రాతప్రతుల కట్టలు ఏడాదిపాటు దాచడం ఆ ప్రెస్సు అలవాటు. లెక్చరర్ కట్ట విప్పి, పేజీ తీసింది. నీలం ఇంకు, గుండ్రటి చేతిరాత. 11 + 14i. ముందు మైనసూ లేదు, మైనస్ ఉండాల్సిన చోట ఖాళీ కూడా లేదు. కాగితం తీసుకెళ్ళి ఓనరు బల్ల మీద పెట్టింది.

ఓనరు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "చూశాను. అయితే?"

"నేను తప్పు చెయ్యలేదండీ."

"నాకు తెలీదా?"

"మరి చీటీలో నా తప్పని వేశాం కదా."

"ఎవరో ఒకరు తప్పు చెయ్యాలి కదమ్మా. ఆయన పేరు కవరు మీదుంది. నీ పేరు ఎక్కడా లేదు. లేని పేరుకి పోయే పరువేముంటుంది చెప్పు."

కామా కాగితం వెనక్కి తీసుకుని వేరేది అడిగింది.

"పోనీ అసలు జవాబు ఎంతండీ?"

"నాకేం తెలుసు?" అన్నాడు ఓనరు. "నేను ఓనర్ని."

మెషీను దగ్గరవాళ్ళనీ, కటింగు దగ్గరవాళ్ళనీ, లెక్కల గైడుకి బొమ్మలు వేసే ఆర్టిస్టునీ కూడా అడిగింది. ఇరవై రెండేళ్ళలో నలభై నాలుగు వేల లెక్కల గైడులు అచ్చేసిన ఆ ప్రెస్సులో, పధ్నాలుగు మంది పనిచేసేవాళ్ళలో, ఆ జవాబు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. బైండరు తాత మాత్రం, "అందులో ఇంగ్లీషు అక్షరం ఎందుకుంది? లెక్కల్లోకి అక్షరాలు రావడం మొదలుపెట్టాకే దేశం పాడైంది," అన్నాడు.

మర్నాటి నుంచి కామా భోజనాల గంటలో తను కొట్టిన పుస్తకాలు తనే చదవడం మొదలుపెట్టింది.

గైడుతో మొదలుపెడితే మొదటి పేజీలోనే "స్పష్టమే" అని ఉంది. కింద ఇంకోచోట "ఇది స్పష్టమే కదా". ఆ మాట తన చేత్తో కొన్ని వందలసార్లు కొట్టి ఉంటుంది. అది ఉన్న ప్రతిచోటా ఆవిడకి ఏమీ స్పష్టం కాలేదు. గైడు మూసి, ఆరో తరగతి లెక్కల పుస్తకం తీసింది. అదీ ఆవిడ కొట్టిందే.

అందులో 2 + 3 × 4 = 14 అని ఉంది. కామా చేసి చూస్తే ఇరవై వచ్చింది. పుస్తకంలో తప్పు దొరికిందని సంతోషించింది. తర్వాతి లెక్కలోనూ తప్పు దొరికింది. వరసగా ఆరు తప్పులు దొరికేసరికి అనుమానం వచ్చింది. పై పేజీ చదివితే, ముందు గుణకారం, తర్వాతే కూడిక అని ఉంది. మళ్ళీ రూలు. పుస్తకం మూసెయ్యబోతుంటే, ఎదురుగా బైండరు తాత కట్టిన పుస్తకాల కట్టలు కనపడ్డాయి. కట్టకి నాలుగు పుస్తకాల చొప్పున మూడు కట్టలు, పక్కన రెండు విడి పుస్తకాలు. మొత్తం ఎన్ని? పధ్నాలుగు. ఇరవై అన్నవాడు విడి పుస్తకాల్ని కూడా కట్టలనుకున్నాడన్నమాట. ఎవరూ ఆవిడకి రూలు వెనక కట్టలున్నాయని చెప్పలేదు.

అలా ఆరో తరగతి మూడు వారాల్లో అయింది. ఏడోది నెల పట్టింది. బ్రాకెట్లు వచ్చేసరికి ఆవిడకి తన సొంత దారి ఒకటి దొరికింది. బ్రాకెట్ అంటే ఒక ఇల్లు. లోపల ఇద్దరు. రెండిళ్ళవాళ్ళు ఎదురుపడితే, ఈ ఇంటి ఇద్దరూ ఆ ఇంటి ఇద్దరినీ విడివిడిగా పలకరించాలి. నాలుగు పలకరింపులు. ఒక్కటి తక్కువైనా ఏడాదిపాటు మాటలుండవు. ఇది ఆవిడకి అత్తగారి వైపు బంధువుల వల్ల బాగా తెలిసిన విషయం.

ఏడో లెక్కని అలాగే పట్టుకుంది. మూడు, ఒకటిని పలకరిస్తే మూడు. మూడు, 4i ని పలకరిస్తే 12i. 2i, ఒకటిని పలకరిస్తే 2i. పన్నెండూ రెండూ కలిపి 14i. ఇక్కడి దాకా గైడుతో కలిసింది. నాలుగో పలకరింపు దగ్గర ఆగిపోయింది. 2i, 4i ఎదురుపడితే ఎనిమిది i స్క్వేర్. i స్క్వేర్ అంటే మైనస్ ఒకటి అని పుస్తకం. ఎందుకని అడిగితే పుస్తకం "నిర్వచనం" అంది. రూలుకి అది పెద్ద పేరు.

ఒక ఆదివారం ఉదయం ఇంట్లో ముందుగదిలో కాగితాలు పరుచుకుని ఇదే పట్టుకుని కూర్చుంది. ఆవిడ అత్తగారు గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. ఆ పెద్దావిడ బడి మొహం చూడలేదు గానీ, నోటిలెక్కలో ఆ వీధిలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

"ఆ ఐ అంటే ఎంత?" అంది అత్తగారు.

"ఎంతా కాదు అత్తయ్యా. దాన్ని దానితోనే గుణిస్తే మైనస్ ఒకటి అవుతుంది. అంతే తెలుసు."

"ఎంతా కానిదానికోసం ఇవాళ పప్పులో ఉప్పు రెండుసార్లు వేశావన్నమాట."

కామా భర్త ఇళ్ళకి గచ్చులు వేసే మేస్త్రి. టైల్స్ పరవడంలో చెయ్యి తిరిగినవాడు, మాట తక్కువ. ఆ గదిలో గచ్చు కూడా అతను వేసిందే, అడుగు చదరపు పలకలు, దారం పట్టి చూసినా వంకర లేకుండా. ఆ పొద్దున ఒక కొత్తరకం పలక నమూనా తెచ్చుకుని, తిరగేసి వెనకవైపు చూస్తున్నాడు. అక్కడ ఒక బాణం గుర్తు ఉంది.

"ఆ బాణం ఎందుకు?" అంది కామా.

"అన్ని పలకలూ ఒకే వైపు చూడాలి కదా. లేకపోతే డిజైను చెదిరిపోద్ది." పలకని నేల మీద పెట్టి తిప్పాడు. "పావు తిప్పితే ఇటు చూస్తుంది. ఇంకో పావు తిప్పితే వెనక్కి. నాలుగు పావులకి మొదటికొచ్చేస్తుంది. ఇందులో తెలుసుకోడానికేముంది?"

కామా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"ఇంకోసారి తిప్పండి."

తిప్పాడు.

"పావు. మళ్ళీ పావు. వెనక్కి తిరిగింది. ముందుకి ఒకటైతే, వెనక్కి మైనస్ ఒకటి." ఆవిడ లేచి నిలబడింది. "ఐ అంటే సంఖ్య కాదండీ, తిప్పడం. పావు తిప్పు. రెండుసార్లు తిప్పితే మైనస్."

"ఓహో," అన్నాడు మేస్త్రి.

"ఉండండి. మైనస్ అంటే సగం తిప్పు. సగం తిప్పి, మళ్ళీ సగం తిప్పితే?"

మేస్త్రి పలక సగం తిప్పాడు. మళ్ళీ సగం తిప్పాడు. బాణం ముందుకే చూస్తోంది.

కామా ఏడో తరగతిలో అడిగిన ప్రశ్నకి జవాబు నలభై తొమ్మిదో ఏట, టైలు వెనకాల దొరికింది. మాస్టారి సంగతీ, బెంచీ సంగతీ అప్పుడు భర్తకి మొదటిసారి చెప్పింది. పాతికేళ్ళ కాపురంలో ఆ మాట ఎందుకో రాలేదు. అతను అంతా విని, "ఇది అడిగినందుకా బెంచీ ఎక్కించారు?" అన్నాడు. తర్వాత చాలాసేపు పలక కేసి చూస్తూ కూర్చున్నాడు. ఎవరిమీదో కోపం వచ్చినప్పుడు అతను అలా ఏదో ఒక పలక కేసి చూస్తాడు.

అక్కడితో ఆగలేదు. గుమ్మానికి దగ్గరగా, నాలుగు పలకలు కలిసే మూల మీద సీసా మూత ఒకటి పెట్టింది. అది సున్నా. కుడివైపుకి మూడు పలకలు, ముందుకి రెండు పలకలు, అక్కడ ఇంకో మూత. అది 3 + 2i. మేస్త్రి తన చెక్కబద్ద తెచ్చి, ఒక కొన సున్నా మీద నొక్కిపట్టి, రెండో కొనని ఆ మూత మీంచి పావు తిప్పాడు. అది ఎడమవైపుకి రెండు, ముందుకి మూడు దగ్గర ఆగింది. కామా కాగితం మీద చేసి చూసింది. 3 + 2i ని i తో గుణిస్తే −2 + 3i. కాగితమూ గచ్చూ ఒకటే చెప్పాయి.

"ఇప్పుడు ఒకసారి మామూలుగా, నాలుగుసార్లు తిప్పినది," అంది. 1 + 4i అంటే అంతే కదా.

మొదట కుడికి మూడు, ముందుకి రెండు వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎడమకి రెండు, ముందుకి మూడు, అలా నాలుగుసార్లు. ప్రతిచోటా ఒక మూత పెట్టుకుంటూ వంగి నడిచింది. నాలుగో అడుగుకి ముందుగది అయిపోయింది. వంటింటి తలుపు ఎడమవైపే ఉండటం కలిసొచ్చింది. చివరి మూత వంటింట్లో, అప్పటికి బియ్యం చేటతో లోపలికి వచ్చి కూర్చున్న అత్తగారి మోకాలి పక్కన పడింది.

"ఇదేంటి?" అంది అత్తగారు.

"ఎడమకి అయిదు, ముందుకి పధ్నాలుగు. జవాబు అత్తయ్యా. మైనస్ అయిదు ప్లస్ పధ్నాలుగు ఐ."

అత్తగారు మూతని తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "మరి ఆ లెక్చరర్ జవాబు ఎక్కడ పడ్డది?"

కామా గుమ్మం దగ్గరికి వెళ్ళి కుడివైపుకి లెక్కపెట్టింది. ఆరో పలక దగ్గర గోడ వచ్చింది. కుడికి పదకొండు అంటే, గోడ దాటి పక్కింటివాళ్ళ మంచం మీద పడుతుంది. చీటీలో వేసిన మైనస్ పదకొండు, ఎడమవైపు సందులో.

"చదువుకున్నాయనేనా?" అంది అత్తగారు.

సోమవారం కామా ఓనరుతో రెండో చీటీ వేద్దామంది. ఓనరు రెండు చేతులూ జోడించాడు. దాంతో ఆవిడ ఒక కార్డు కొని, టీచరమ్మకి తనే రాసింది. "112వ పేజీ, 7వ లెక్క జవాబు −5 + 14i. తప్పయితే తెలుపగలరు. ఇట్లు, టైపు చేసిన మనిషి." పది రోజులకి అదే కార్డు కవరులో పెట్టి తిరిగొచ్చింది. వేరే మాటేమీ లేదు. జవాబు పక్కన ఎర్ర ఇంకుతో ఒక రైటు గుర్తు ఉంది.

కామా ఆ కార్డుని కీబోర్డు కింద పెట్టుకుంది. ఆ వారంలో మూడుసార్లు కీబోర్డు దుమ్ము తుడిచింది.

మరుసటి ముద్రణకి లెక్చరర్ రాతప్రతి వచ్చేలోపు కామా పాత గైడు మొత్తం చేసింది. పందొమ్మిది జవాబులు తప్పు. కొత్త రాతప్రతి వచ్చాక చూస్తే, పందొమ్మిదీ అలాగే ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కన పెన్సిలుతో, చిన్నగా, ప్రశ్న గుర్తు పెట్టి పంపింది. రెండో రోజు మధ్యాహ్నం లెక్చరరే వచ్చేశాడు. కట్ట ఆవిడ బల్ల మీద పడేశాడు.

"ఏంటమ్మా ఇవి?"

"ప్రశ్నలు సార్."

"నాకు ప్రశ్నలు వేస్తున్నావా? నీ పనేంటి?"

"టైపు చెయ్యడం సార్. ఈ జవాబులు ఇలాగే కొట్టమంటే కొడతాను. చీటీలు కూడా ఇప్పుడే కొట్టి పెట్టెయ్యనా? బైండరు తాత పుస్తకం కట్టేటప్పుడే అతికించేస్తాడు. మళ్ళీ గోడౌనుకి వెళ్ళే పని తప్పుతుంది."

మెషీను దగ్గర ఎవరో దగ్గారు. ఓనరు గదిలోంచి బయటికొచ్చి, విషయం చూసి, వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ అప్పటికే అందరూ ఆయన్ని చూసేశారు.

లెక్చరర్ పెన్ను తీశాడు. ఏడో లెక్కే పట్టుకున్నాడు. చెయ్యి చకచకా నడిచింది. మూడు, పన్నెండు i, రెండు i, ఎనిమిది i స్క్వేర్. ఎనిమిదికి ముందు ప్లస్ రాశాడు. పెన్ను అక్కడ ఆగింది. బైండరు తాత కుంచె కూడా బంక డబ్బాలో ఆగింది. లెక్చరర్ ప్లస్ కొట్టేసి, మైనస్ రాశాడు. కింద −5 + 14i అని రాసి, దానికేసి కొంచెంసేపు చూశాడు.

"ప్రింటింగ్ మిస్టేక్," అన్నాడు.

"సార్," అన్నాడు ఓనరు మెల్లగా, "ఇది ఇంకా ప్రింట్ అవలేదండీ."

లెక్చరర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. నీళ్ళు తాగాక ఆయన గొంతు మారింది.

"జవాబులు నేను చేసి చాలా ఏళ్ళయిందమ్మా. నా దగ్గర చదివే పిల్లలకి ఇస్తాను. వాళ్ళు పాత గైడు చూసి వేస్తారు."

"పాత గైడు..."

"నువ్వు కొట్టిందే."

అది ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. అయినా కామాకి గట్టిగానే తగిలింది. ఆయన వెళ్ళాక బీరువాలోంచి మొట్టమొదటి ముద్రణ తీసి చూసింది. అందులో ఆ లెక్క తొంభై ఎనిమిదో పేజీలో ఉంది. 11 + 14i. ఇరవై రెండేళ్ళ నుంచి అదే జవాబుని ఆవిడ ఒక్క చుక్క చెదరకుండా మళ్ళీ మళ్ళీ కొట్టింది. ఉన్నది ఉన్నట్టు. ఏటా రెండు వేలు, ఇరవై రెండేళ్ళు. ఎవరూ అడగకుండా ఆవిడ మనసులో చేసిన మొదటి గుణకారం అది. నలభై నాలుగు వేలు. ఇన్నేళ్ళలో ఉత్తరం రాసింది ఒక్క టీచరమ్మ. మిగతా పిల్లలు, తమ జవాబు గైడుతో కలవకపోతే, తమదే తప్పని కొట్టేసుకుని ఉంటారు. కొందరు బెంచీ కూడా ఎక్కి ఉంటారు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి నడిచి వెళ్ళింది. రోజూ బస్సులో వెళ్ళే దూరం అది. మేస్త్రి గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. కాళ్ళకి వేడినీళ్ళు పెట్టాడు.

ఆ ఏడాది గైడు పందొమ్మిది దిద్దుబాట్లతో వచ్చింది. కవరు మీది "సవరించిన ప్రతి" మొదటిసారి నిజమైంది. లోపలి పేజీలో ప్రెస్సు చిరునామా కింద ఒక కొత్త లైను కావాలని కామా పట్టుపట్టింది: "జవాబులు సరిచూసినది:" ఆ తర్వాత ఆవిడ అసలు పేరు. ఓనరు తల గోక్కున్నాడు.

"ఎందుకమ్మా లేనిపోని గొడవ? రేపు తప్పు దొరికితే నీ మీదికే వస్తారు."

"రావాలనేనండీ."

ఆ పేరు చూసి ప్రెస్సులో సగంమంది ఈవిడెవరని అడిగారు.

లెక్చరర్ మాత్రం మనిషి మారాడు, ఒక పద్ధతిలో. తర్వాతి ఏడాది రాతప్రతి వచ్చేసరికి ప్రశ్నలన్నీ ఉన్నాయి, జవాబుల చోట ఖాళీలున్నాయి. పైన ఒక చీటీ: "జవాబులు ఆవిడ వేసుకుంటారు." ఓనరు దాన్ని గొప్ప గౌరవం అన్నాడు. బైండరు తాత దాన్ని ఇంకో పేరు పెట్టి పిలిచాడు. కామా ఏ పేరూ పెట్టలేదు. రెండు నెలలు కూర్చుని అన్నీ చేసింది. ఒక్కోదాన్నీ రెండు దార్లలో చేసి, కలిస్తేనే కొట్టింది. కలవనివి మూడు మిగిలితే, కాలేజీకి వెళ్ళి, స్టాఫ్ రూములో లెక్చరర్ పక్కన కూర్చుని ఆయనతో చేయించింది. రెండింటిలో తప్పు ఆవిడది, ఒకదానిలో ఆయనది. ఆయన ఆ ఒకటీ ఒప్పుకోడానికి రెండు టీలు పట్టాయి.

ఇప్పుడు ముగ్గురు రచయితల పుస్తకాలు ఆవిడ చేతిమీదుగా వెళుతున్నాయి. వేగం బాగా తగ్గింది. ఇదివరకు రోజుకి ఇరవై పేజీలు కొట్టేది, ఇప్పుడు ఏడెనిమిది. ఓనరు ఈ సంగతి గమనించాడని ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని ఓనరుకీ తెలుసు.

పోయిన నెల ఒక ఇంజనీరింగ్ ప్రొఫెసరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్థుడు. కాలిక్యులస్ మీద ఆరు వందల పేజీల రాతప్రతి బల్ల మీద పెట్టాడు. కామా తిరగేసింది. పేజీ నిండా పొడుగ్గా, వంపు తిరిగి నిలబడ్డ గుర్తులు. వాటి ఆకారాలు ఆవిడకి బాగానే తెలుసు, ఎన్నోసార్లు కొట్టింది.

"ఇది నాకు రాదండీ," అంది.

"మీకు రావక్కర్లేదు మేడమ్. చూసి టైపు చేస్తే చాలు."

"అలా చెయ్యడం మానేశాను."

"నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పట్టొచ్చు?"

కామా ఇంకో నాలుగు పేజీలు తిప్పి చూసింది. "ఏడాదిన్నర."

ప్రొఫెసరు ఓనరు వైపు చూశాడు. ఓనరు ఫ్యాను వైపు చూశాడు. మూడు వారాల్లో చేసిచ్చే ప్రెస్సు పక్క వీధిలోనే ఉందని ఓనరే చెప్పాల్సి వచ్చింది. ప్రొఫెసరు కట్ట సర్దుకుంటుంటే కామా ఒక సంగతి అడిగింది: మొదటి అధ్యాయం జిరాక్సు తీసుకోవచ్చా అని. ఆయన ఆశ్చర్యపోయాడు గానీ ఇచ్చాడు.

ఆ పుస్తకం పక్క వీధిలో అచ్చయి బజార్లోకి వచ్చేసింది. కామా జిరాక్సులో పదకొండో పేజీ దగ్గర ఉంది.